ముగ్గురూ ఒకేసారి వాయిస్తుంటే ఎవరిని వినాలి?

ప్రశ్న: తొలినాళ్ల జాజ్‌లో గొప్పవని అంటే కింగ్ ఆలివర్ బ్యాండ్ 1923 రికార్డులు విన్నాను. ఎవరికి తోచింది వాళ్లు ఒకేసారి వాయిస్తున్నట్టుంది. నాకంతా గోలగానే ఉంది. ఇందులో ఆనందం ఎక్కడుంది?

జవాబు: గోలగా ఉండటానికి సగం కారణం ఆనాటి రికార్డింగే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో, జెన్నెట్ కంపెనీ స్టూడియోలో మైక్రోఫోన్ లేదు. అందరూ ఒక పెద్ద గొట్టం ముందు చేరి వాయించారు. డ్రమ్మర్ బేబీ డాడ్స్‌కి పెద్ద డ్రమ్ము వాయించే వీల్లేకపోయింది. మీకు టకటకమని వినిపించేది చెక్క దిమ్మ. రెండు కార్నెట్లలో (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యం) మొదటిది బ్యాండ్ నాయకుడు ఆలివర్‌ది, రెండోది 21 ఏళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. ఆర్మ్‌స్ట్రాంగ్ ధ్వని మిగతావాళ్లని మింగేస్తోందని దూరంగా నిలబెట్టారట. పియానో వాయించిన లిల్ హార్డినే తర్వాత ఈ మాట చెప్పారు.

ఇక వినే పద్ధతి. ‘డిప్పర్‌మౌత్ బ్లూస్’ పెట్టుకోండి, మూడు నిమిషాలు కూడా ఉండదు. మొదటిసారి కార్నెట్ల వెంటే వెళ్లండి, పాట నడిపేది అవే. రెండోసారి వాటిని వదిలేసి జానీ డాడ్స్ క్లారినెట్‌ని పట్టుకోండి. అది పైన చిన్న చిన్న స్వరాలతో అల్లుకుంటూ పోతుంది. తర్వాత ఆనరే డ్యుట్రే ట్రాంబోన్ (జారే గొట్టంతో వాయించే పెద్ద ఇత్తడి వాద్యం). కార్నెట్ ఊపిరి తీసుకునే సందులోకి కింద నుంచి జారుకుంటూ వస్తుంది. ఇలా విన్నాక మళ్లీ అన్నీ కలిపి వినండి. ఎవరికి తోచింది వాళ్లు వాయించడం కాదని తెలిసిపోతుంది. పక్కవాడు ఎక్కడ ఖాళీ వదులుతాడో వింటూ, అక్కడ మాత్రమే మాట్లాడుతున్నారు. ఎదుటివాడి మాట వింటూనే తన మాట చెప్పడం! నాకు ఈ సంగీతంలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

చాలామంది ఈ పాటలో ఆలివర్ సోలో కోసం, అంటే అతనొక్కడే ముందుండి వాయించే భాగం కోసం ఎదురుచూస్తారు. అది గొప్పదే, కాదనను. కానీ ఆ సోలో చివర ‘ఓ, ప్లే దట్ థింగ్’ అని ఒక కేక వినిపిస్తుంది, వెంటనే బ్యాండంతా కలుస్తుంది. నేను రికార్డు వెనక్కి తిప్పేది ఆ చోటికే. ఇదే పాటని వాళ్లు ఆ జూన్‌లో ఓకే కంపెనీకి మళ్లీ వాయించారు. రెండూ పక్కపక్కన వినండి. ఆలివర్ సోలో దాదాపు మారదు. అప్పటికప్పుడు కల్పించడమంటే ప్రతి స్వరమూ కొత్తదే కానక్కర్లేదు.

పాత శబ్దమే అడ్డమనిపిస్తే ముందు పియానిస్టు, బ్యాండ్ నాయకుడు జెల్లీ రోల్ మార్టన్ ‘బ్లాక్ బాటమ్ స్టాంప్’ వినండి. 1926 సెప్టెంబర్‌లో షికాగోలో విక్టర్ కంపెనీ చేసిన రికార్డు. అప్పటికి మైక్రోఫోన్ వచ్చేసింది, బాస్ కూడా స్పష్టంగా వినిపిస్తుంది. కాకపోతే అందులో మార్టన్ ముందే రాసిపెట్టుకున్న భాగం ఎక్కువ.

ప్రశ్న: ఆలివర్ బ్యాండ్ ‘స్నేక్ రాగ్’లో బ్యాండంతా ఆగిపోయి రెండు కార్నెట్లే కలిసి వాయిస్తాయి. ముందే రాసుకున్నారా?

జవాబు: వేదిక మీద వాయించేటప్పుడు, బ్యాండ్ నడుస్తుండగానే ఆలివర్ రాబోయే బ్రేక్‌లో (బ్యాండంతా ఆగే ఆ చోట) ఏం వాయిస్తాడో ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ముందుగా అందించేవాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ అది పట్టుకుని, బ్రేక్ వచ్చేసరికి జతస్వరం సిద్ధం చేసుకునేవాడు. వాళ్లు వాయించే షికాగో డాన్స్ హాలు లింకన్ గార్డెన్స్‌లో వినడానికొచ్చిన సంగీతకారులకే ఆ కిటుకు అంతుపట్టలేదు.