హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో: టికెట్ మీద ఎనిమిదిన్నర గంటలు, కూర్చునేది ఇరవై రెండు

పర్లాకిమిడి నుంచి మీ అమ్మగారు మొదటిసారి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్నారు, హైదరాబాద్ నుంచి దూరమెంత, ఎన్ని గంటలు పడుతుందని అడిగారు. 2019 జనవరిలో మా అమ్మను రాయగడ నుంచి అక్కడికే తీసుకెళ్లాను, దుబాయ్ మీదుగా.

హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 13,000 కిలోమీటర్లు, ఏకధాటిగా పదహారు గంటలు. గోడ మీది మ్యాపు చూస్తే విమానం నేరుగా పడమరకు పోతుందనిపిస్తుంది. కానీ దగ్గర దారి ఉత్తర ధ్రువం వైపుగా ఉంటుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, తెలిసిపోతుంది.

అసలు తికమక గడియారంతోనే. సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లో రెండు గంటలు ఆగి వెళ్తే, చలికాలంలో శాన్ ఫ్రాన్సిస్కోలో దిగేసరికి అక్కడ అదే సోమవారం మధ్యాహ్నం 12:30. టికెట్ చూస్తే ఎనిమిదిన్నర గంటలే అనిపిస్తుంది. అక్కడి గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక నడుస్తుంది, అంటే ప్రయాణం మొత్తం 22 గంటలు. వేసవిలో ఆ తేడా పన్నెండున్నర గంటలు.

జనవరిలో ధ్రువం దగ్గర పగలే ఉండదు. పొద్దున్నే దుబాయ్‌లో బయల్దేరామా, కొన్ని గంటలకే కిటికీ బయట చీకటి పడింది, దిగే ముందు మళ్లీ తెల్లారింది. అమ్మ నిద్ర లేచి, "మంగళవారం వచ్చేసింది, బీపీ మాత్ర వేసుకోవాలి" అని బ్యాగు తీసింది. ఆ రోజు మాత్ర దుబాయ్‌లోనే వేసుకుంది. నేను పక్కన లేకపోతే రెండోది కూడా మింగేసేది. ఇప్పటికీ తలచుకుంటే భయమేస్తుంది. అందుకే మీ అమ్మగారి చేతి వాచీ దిగేదాకా మన టైములోనే ఉంచండి. ఏ మాత్ర ఎన్ని గంటలకో డాక్టరుగారిని అడిగి, ఒక్కో పొట్లం మీద మన టైము తెలుగులోనో ఒడియాలోనో, ఆవిడ చదవగలిగే లిపిలో రాసి పెట్టండి.

ఇంకొక మాట. రాయగడ నుంచి విశాఖకు రైల్లో నాలుగైదు గంటలు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు విమానం. కాస్త డబ్బు మిగులుతుందని ఆ టికెట్ విడిగా కొన్నాను. రాత్రి పదిన్నరకు దిగాల్సిన విమానం మూడు గంటలు ఆలస్యమైంది. సామాన్లు తీసుకుని, మళ్లీ చెకిన్ లైన్లో నిలబడి, కౌంటర్ మూసే ముందు అందుకున్నాం. ఆ టెన్షన్‌కి అమ్మ కాళ్లు వణికిపోయాయి. మీరు విశాఖ నుంచే మొత్తం ఒకే బుకింగ్‌లో తీసుకోండి. ఒక విమానం ఆలస్యమై తర్వాతిది తప్పిపోతే వేరే దాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థ వాళ్లదే అవుతుంది, సామాను కూడా మామూలుగా చివరిదాకా వెళ్తుంది. దుబాయ్‌లో మాత్రం రెండు గంటలు చాలవు, ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లకు మూడు నాలుగు ఉండాలి. వీల్‌చెయిర్ బుకింగ్ అప్పుడే అడగండి, డబ్బు కట్టక్కర్లేదు.

పదహారు గంటల్లో రెండు మూడు గంటలకోసారి లేచి నడవమనండి. మా అమ్మ మొహమాటపడి లేవలేదు, దిగాక పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. నడవా పక్క సీటైతే ఎవర్నీ లేపే పని ఉండదు.