బొబ్బిలి పెరట్లో పసుపు చారల సాలీడు: విషపుదేనా?

బొబ్బిలి నుంచి ఒకరు తమ పెరట్లో బీరపాదు మీద పసుపు, నలుపు చారల పెద్ద సాలీడు, గూటి మధ్యలో తెల్లటి ఇంటూ గుర్తు ఉన్నాయి, విషపుదేనా అని అడిగారు. చాలావరకు అది సిగ్నేచర్ స్పైడర్ అనే సాలీడే. మనిషికి ప్రమాదం లేదు. మందు కొట్టకండి, పాదు మీది ఈగల్ని తినేది అదే.

అందరూ వీపు ఫొటోనే పెడతారు. విషపుదా కాదా తేలేది పొట్ట దగ్గర.

1. గూటికి అవతలివైపు వెళ్లి, ముట్టుకోకుండా జూమ్ చేసి పొట్ట ఫొటో తీయండి.
2. అక్కడ ఎరుపు లేదా నారింజ రంగులో డమరుకం లాంటి మచ్చ ఉంటే అది విడో అనే జాతి సాలీడు, విషపుదే. దాని గూడు ఇలా చక్రంలా ఉండదు. కుండీల అడుగున, ఇటుకల సందుల్లో చిందరవందరగా ఉంటుంది. పాత కుండీలు ఎత్తేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి.
3. కరిస్తే సబ్బునీళ్లతో కడగండి, తాడు బిగించి కట్టొద్దు. కండరాలు పట్టేసి చెమటలు పోస్తుంటే వెంటనే విజయనగరం పెద్దాసుపత్రికి.