అవధానికి లేని ఇబ్బంది మనకెందుకు?

ఇంటర్నెట్ వాడకం వల్ల మనిషి ఏకాగ్రత, ఆలోచన దెబ్బతింటాయా అని అడిగారు. చాలామంది దీనికి నోటిఫికేషన్లను నిందిస్తారు. విజయనగరంలో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఆ జవాబు సరిపోదు. రెండు చేతులతో, రెండు కాళ్లతో వేర్వేరు తాళాలు వేస్తూ పాడిన ఆదిభట్ల నారాయణదాసు గారు 1919లో విజయరామ గాన పాఠశాలకు తొలి అధ్యక్షులైన ఊరు మాది. అంతరాయానికే బుద్ధి చెదిరేటట్లయితే, ఒకేసారి పలువురు అడిగేవాటికి ఆశువుగా పద్యాలు చెప్పే అవధాన విద్య ఏనాడో అంతరించేది.

కొన్నేళ్ల కిందట కోట సమీపంలో జరిగిన ఒక అష్టావధానంలో నేను ఘంటాగణన పృచ్ఛకుడిగా, అంటే అవధానిని పరీక్షించేవారిలో ఒకడిగా, కూర్చున్నాను. నాకు తోచినప్పుడల్లా గంట కొట్టడం నా పని, ఆ లెక్కను చివరిదాకా మనసులో ఉంచుకోవడం అవధాని పని. ఒకవైపు నిషిద్ధాక్షరి పృచ్ఛకురాలు అడుగడుగునా అక్షరాన్ని నిషేధిస్తుంటే, మరోవైపు అప్రస్తుత ప్రసంగం చేసే మిత్రుడు ‘ఈ రోజు మీ ఇంట్లో కూరేమిటండీ’ వంటి ప్రశ్నలతో ఆయనను ఆటపట్టిస్తుండగా, సభలో సెల్‌ఫోన్లు కూడా మోగసాగాయి. ఒక పెద్దమనిషి ఫోనైతే సరిగ్గా నేను గంట కొట్టిన క్షణంలోనే మోగింది. ‘దీన్ని కూడా మీ ఖాతాలో వేయమంటారా మాస్టారూ?’ అని నన్ను అడిగి, అవధాని తడుముకోకుండా, ఇచ్చిన పాదాన్ని పద్యంగా పూర్తిచేసే సమస్యాపూరణంలో మూడవ పాదం అందుకున్నారు. చివర ధారణలో, ఆవృత్తికి, అంటే పృచ్ఛకులందరి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేసరికి, ఒక్కొక్క పాదం చొప్పున విడివిడిగా చెప్పిన పద్యాలన్నింటినీ ఏకధాటిగా అప్పగించి, గంటల లెక్కతో పాటు మోగిన ఫోన్ల లెక్క కూడా చెప్పారు. గంటల లెక్క నా కాగితంతో సరిపోయింది. ఫోన్ల లెక్క సరిచూడగలవారు సభలో ఎవరూ లేరు.

ముందు వరుసలోని యువకులు కార్యక్రమమంతా ఫోన్లలో చిత్రీకరించారు. బయటికి వచ్చాక, ఇచ్చిన సమస్య ఏమిటని అడిగితే ‘వీడియో ఉంది సార్, చూసి చెబుతాం’ అన్నారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన బెట్సీ స్పారో బృందం 2011లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో తేలినదీ ఇదే: తాము టైపు చేసిన వాక్యాలు కంప్యూటర్‌లో భద్రంగా ఉంటాయని నమ్మినవారు, చెరిగిపోతాయని నమ్మినవారి కంటే తక్కువ గుర్తుంచుకున్నారు. గుర్తుంచుకోమని ముందే చెప్పినా ఫలితం మారలేదు.

కాబట్టి మనం పోగొట్టుకుంటున్నది ధారణ అంటాను. అవధాని పద్యాన్ని రెండవ పాదం దగ్గర వదిలినా మళ్లీ అక్కడికే వస్తారు. మనం వార్త చదువుతూ సందేశానికి, అక్కడినుంచి వీడియోకు వెళ్లి, వార్తను సగంలో వదిలిన సంగతే మరచిపోతాం. లోపల ఏదీ నిలవనప్పుడు దేనిని దేనితో పోల్చి ఆలోచిస్తాం? తెల్లవారకముందే శుభోదయం బొమ్మలు పంపే నా తోటి విశ్రాంత ఉపాధ్యాయులు ఈ విషయంలో పిల్లలను మాత్రమే తప్పుపట్టడం నాకు నచ్చదు.

ఈ మధ్య మా దగ్గర నిర్వాహకులు అవధాని వెనుక తెర కట్టి, ఆయన చెప్పిన ప్రతి పాదాన్నీ అప్పటికప్పుడు దానిమీద చూపిస్తున్నారు. వెనుక కూర్చున్నవారికి వినబడదని వారి వాదన. మైకు బాగు చేయించండని చెప్పాను. తెర అద్దె ముందే కట్టేశామన్నారు.