పక్క దేశానికీ ఒకటే తపాలా రేటు... ఆ పనికి దారెటు?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ ఆఖరి సంవత్సరం. ఇరుగుపొరుగు దేశాల మధ్య తపాలా ఛార్జీలు ఒకేలా ఎందుకు ఉండకూడదన్న అంశంపై ప్రాజెక్టు రాసి, ఇక ఆ రంగంలోనే పనిచేస్తానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? మేమైతే బ్యాంకు కోచింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం.

జవాబు: ఆ పేరుతో నోటిఫికేషన్ ఎప్పుడూ రాదు. పని మాత్రం ఉంది. మన వైపు నుంచి ఢిల్లీలోని తపాలా శాఖ ప్రధాన కార్యాలయం డాక్ భవన్‌లో అంతర్జాతీయ వ్యవహారాలు చూసే అధికారులు చేస్తారు. దేశాలన్నీ కలిసి కూర్చునేది స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కేంద్రంగా ఉన్న యూనివర్సల్ పోస్టల్ యూనియన్‌లో.

స్టాంపు డబ్బు అమ్మిన దేశానికి పోతుంది, ఉత్తరాన్ని ఇంటికి చేర్చే పోస్ట్‌మ్యాన్ జీతం మాత్రం అవతలి దేశం ఇస్తుంది. చిక్కంతా ఇక్కడే. 1874లో యూనియన్ పుట్టినప్పుడు ఎవరు వసూలు చేసింది వారే ఉంచుకునేవారు. వెళ్లిన ఉత్తరానికి జవాబు వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుందని ధీమా. సరిపోలేదు. ఎక్కువ ఉత్తరాలు అందుకునే దేశం నష్టపోయింది. యూనియన్ 1969 టోక్యో మహాసభ నిర్ణయంతో, పంపిన దేశం అందుకున్న దేశానికి బటవాడా ఖర్చు చెల్లించే పద్ధతి వచ్చింది. దీన్నే టెర్మినల్ డ్యూస్ అంటారు. మీ అమ్మాయి ప్రాజెక్టులో ఈ మాట లేకపోతే అది ఇంకా సగమే.

తూకం మెట్లు కూడా చూడాలి. మన దేశంలోపల ఉత్తరానికి 20 గ్రాములకో మెట్టు. పక్క దేశంలో 50 గ్రాములకో మెట్టు అనుకోండి. మొదటి మెట్టు ధర రెండు చోట్లా సమానం చేసినా, 45 గ్రాముల కవరుకు ఇక్కడ మూడు మెట్లు పడతాయి, అక్కడ ఒక్కటే. తేడా పెద్దదైతే బల్క్‌గా పంపే కంపెనీలు మూటలు సరిహద్దు దాటించి చౌకైన చోట పోస్టు చేస్తాయి. దీన్నే రీమెయిల్ అంటారు.

ప్రాజెక్టును భారత్, నేపాల్‌కే పరిమితం చేయమనండి. 1993 నుంచి మన 100 రూపాయలకు నేపాలీ 160 రూపాయలన్న మారకం స్థిరంగా ఉంది కాబట్టి పోల్చడం తేలిక. 20, 45, 100, 500 గ్రాములు, 2 కిలోలకు రెండు వైపుల రేట్లతో ఒక పట్టిక వేస్తే చాలు. ఉత్తరాలనూ సరుకు ప్యాకెట్లనూ కలపకూడదు. ఉదయగిరి చెక్క గరిటెల్లాంటి సరుకు పంపితే కస్టమ్స్ డిక్లరేషన్ ఇవ్వాలి. అక్కడ పడే సుంకం తపాలా ఒప్పందంతో పోయేది కాదు.

ఇక దారులు. సూటిగా వెళ్లేది సివిల్స్ ద్వారా ఇండియన్ పోస్టల్ సర్వీస్. పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1కి 21 ఏళ్లు నిండాలి. డిగ్రీ చేతికొచ్చినా వయసు చాలక కొందరు ఒక ఏడాది ఆగాల్సి వస్తుంది. సర్వీసు ర్యాంకును బట్టి, మనం ఇచ్చే ప్రాధాన్య క్రమాన్ని బట్టి వస్తుంది. ఆ క్రమంలో పోస్టల్ సర్వీసును అడుగున రాసేవాళ్లే ఎక్కువ. మీ అమ్మాయి పైకి తెచ్చి రాస్తే అవకాశం పెరుగుతుంది.

రెండోది స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్ష (ఎస్ఎస్‌సీ సీజీఎల్) ద్వారా తపాలా శాఖలో ఇన్‌స్పెక్టర్ పోస్ట్స్ ఉద్యోగం, జీతం లెవెల్ 7. విదేశీ రేట్ల పని వెంటనే దొరకదు. కానీ పదోన్నతులతో గ్రూప్ బి గెజిటెడ్ హోదా, ఆపైన పోస్టల్ సర్వీసు వరకూ వెళ్లవచ్చు. నా మొగ్గు దీనికే. మీరనుకుంటున్న బ్యాంకు కోచింగ్‌లోని లెక్కలు, రీజనింగ్ దీనికీ పనికొస్తాయి. తేడా ఇంగ్లిష్ దగ్గర. రెండో దశ పరీక్ష (టైర్ 2)లో లెక్కలు 30 ప్రశ్నలైతే ఇంగ్లిష్ 45, ప్రశ్నకు 3 మార్కులు. తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. 15 నిమిషాల్లో 2,000 కీ డిప్రెషన్ల (మీటల నొక్కుల) టైపింగ్ కూడా పాస్ కావాలి. అది చివరి వారం నేర్చుకుంటే వచ్చేది కాదు.

రేట్లు లెక్కగట్టడమే ఇష్టమైతే ఎకనామిక్స్‌లో ఎంఏ తప్పదు. కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల సర్వీసైన ఇండియన్ ఎకనమిక్ సర్వీస్‌కు బీఏ చాలదు. నెల్లూరు విక్రమ సింహపురి, ఒంగోలు ఆంధ్ర కేసరి యూనివర్సిటీలకు పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. ఈలోగా కాలిక్యులస్, మాత్రికలు, స్టాటిస్టిక్స్ సరిచూసుకోవాలి. యూనియన్ అధికార భాష ఫ్రెంచ్ అయినా ఇప్పుడే దాని వెంట పడక్కర్లేదు.

బీసీ రిజర్వేషన్ వర్తిస్తే రాష్ట్ర సర్టిఫికెట్ కేంద్ర పరీక్షలకు చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌కు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.