అడగండి, చెబుతాం: వాళ్లెందుకు రాలేదు?

ప్రశ్న: కరెంటు పోతే డాబా మీద పడుకుంటాం. ఇన్ని చుక్కలున్నాయి కదా, ఒక్క గ్రహాంతరవాసైనా ఎందుకు రాలేదని మా ఏడో తరగతి బాబు ప్రాణం తీస్తున్నాడు. ఏం చెప్పమంటారు? – ఒక తల్లి, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: మీవాడు గట్టివాడేనమ్మా! 1950లో శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ భోజనాల దగ్గర అడిగిందీ ఇదే.

మొదటి చిక్కు దూరం. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక సెకనుకు దాదాపు 17 కిలోమీటర్లు పోతోంది. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా. ఆ వేగంతో అక్కడికి 70 వేల ఏళ్లకు పైనే పడుతుంది (దాని దారి అటు కాదనుకోండి). రేడియో తరంగమైతే నాలుగేళ్లు చాలు. అందుకే 1960లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ రెండు నక్షత్రాల వైపు యాంటెన్నా తిప్పి వినడం మొదలుపెట్టాడు. 1977లో అమెరికాలోని ఒహాయోలో 72 సెకన్లపాటు ఒక బలమైన సంకేతం దొరికింది. మళ్లీ వినపడలేదు.

నన్నడిగితే అసలు పేచీ కాలంతోనే. భూమ్మీద జీవం పుట్టి 350 కోట్ల ఏళ్లు దాటింది, మనకు రేడియో వచ్చి నూరేళ్ల పైచిలుకు. సంతకు ఒకరు సోమవారం, ఇంకొకరు గురువారం వస్తే ఎక్కడ కలుస్తారు? అసలు ఎవరూ లేకపోవచ్చు కూడా. ఆ మాటా బాబుకు చెప్పండి, దాచొద్దు.

ఎగిరే పళ్లేల వీడియోలు మాత్రం చూడనివ్వకండి. పుణె జిల్లా ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న రేడియో టెలిస్కోప్ ఉంది. సిరొంచ నుంచి చాలా దూరమే, అయినా వీలు చూసుకుని ఒకసారి తీసుకెళ్లండి.