ఫోటోలు దాచవద్దు, వదినకు ఫోను చెయ్యి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, మునుగోడు దగ్గర పల్లె. ఎం.ఏ. ఇంగ్లిషు, బి.ఇడి. చదివాను. రెండేళ్లుగా థాయిలాండ్‌లో, బ్యాంకాక్ శివారులోని ఒక బడిలో ఇంగ్లిషు చెబుతున్నాను. శని, ఆదివారాల్లో తోటి టీచర్లతో కలిసి అయుత్తయ, కాంచనబురి లాంటి ఊళ్లు చూసి వస్తుంటాను. ఆ ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడతాను. పెట్టిన ప్రతిసారీ మా అన్న ఫోను చేసి, ‘ఇక్కడ మేము అమ్మకు చాకిరీ చేస్తుంటే నువ్వు షికార్లు తిరుగుతున్నావా’ అని తిడతాడు. అమ్మకు ఫ్లోరైడు నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్. మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోయాయి. నా జీతంలో సగం నెలనెలా అన్న ఖాతాకు పంపుతున్నాను. నా ఫోటోల వల్ల ఒక సంబంధం తప్పిపోయిందని కూడా అంటున్నాడు. వదిన మంచిది, అమ్మ కోసం బడిలో ఉద్యోగం మానేసింది, నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇకమీదట ఫోటోలు అన్నకు కనబడకుండా పెట్టమంటారా? లేక ఈ తిరుగుళ్లే మానెయ్యమంటారా? – పేరు రాయవద్దన్న ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, నువ్వు అడిగినదానికి ముందే చెప్పేస్తాను. ఫోటోలు దాచవద్దు, తిరగడం మానవద్దు. అయిదు రోజులు పరాయి దేశపు పిల్లలకు పాఠాలు చెప్పి, జీతంలో సగం ఇంటికి పంపే మనిషి సెలవు రోజున రైలెక్కి ఒక ఊరు చూసి వస్తే అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. తప్పిపోయిన సంబంధం గురించి కూడా మనసు పాడుచేసుకోకు. ఫోటోలో జలపాతం ముందు నిలబడిన ఆడపిల్లను చూసి జంకిన ఇంటివాళ్లు నీ జీతాన్ని చూసి మాత్రం జంకి ఉండేవారు కాదు.

మీ అన్నకు షికారుగా కనబడుతున్నదేమిటో నాకు తెలుసు కాబట్టి రెండు మాటలు చెబుతాను. బ్యాంకాక్ నుంచి అయుత్తయ 80 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి హైదరాబాదు వెళ్లినంత దూరం కూడా లేదు. మూడో తరగతి రైలు టికెట్టు మన పల్లెవెలుగు బస్సు చార్జీని మించదు. అయోధ్య పేరు పెట్టుకుని 1350లో వెలసిన రాజధాని అది. 1767లో బర్మా సైన్యం దాన్ని తగలబెట్టింది. ఇప్పటికీ ఇటుక గోడలూ తలలు తెగిన బుద్ధ విగ్రహాలూ మిగిలి ఉన్నాయి. నాగార్జునకొండను చూస్తూ పెరిగిన జిల్లా పిల్ల అక్కడికి పోయి నిలబడితే ఆమెకు తట్టే ఆలోచనలు వేరు. నీ తరగతిలో కూర్చునే పిల్లలు ఆ చరిత్రలో పుట్టినవాళ్లు. వాళ్ల ఊళ్లు చూడని టీచరు వాళ్లకు పుస్తకంలోని వాక్యాలు చెప్పగలదు, అంతకుమించి దగ్గర కాలేదు. ఇది నా గట్టి నమ్మకం.

కాంచనబురికి జలపాతం కోసం వెళ్లానని రాశావు. ఈసారి వెళ్లినప్పుడు రైలు వంతెన దగ్గర, ఊళ్లోని యుద్ధ సమాధుల దగ్గర కాసేపు ఆగు. 1942, 43లలో జపాను సైన్యం ఆ ఊరి మీదుగా బర్మాకు రైలు మార్గం వేయించింది. ఆ పనిలో 12 వేలకు పైగా యుద్ధ ఖైదీలు చనిపోయారు. ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకుపోయిన తమిళులు, తెలుగువాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఖైదీల సమాధుల మీద పేర్లు చెక్కారు. కూలీలలో చాలామందికి సమాధి కూడా లేదు. పక్కనే పాలమూరు నుంచి వలసపోయి ఎవరెవరివో ఆనకట్టలు కట్టినవాళ్ల సంగతి వింటూ పెరిగిన మనకు ఇది తెలిసి ఉండాలి.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను. పైన కుదించి వేశాను గాని, నీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు మీ అన్న ఏమన్నాడు, నువ్వేమన్నావు, అతను మళ్లీ ఏమన్నాడు అన్నదే. మీ వదిన గురించి రాసింది రెండు చోట్ల. ఒకటి, పైన వేసిన వాక్యం. రెండోది, థాయిలాండ్‌కు కావలసిన డిగ్రీ పట్టాల ధ్రువీకరణకు, పోలీసు క్లియరెన్సుకు ‘వదిన నాతో పాటు హైదరాబాదు తిరిగింది, అన్నను ఒప్పించింది కూడా ఆమే’ అని మూడో పేజీలో మధ్యలో ఎక్కడో. అంటే నిన్ను ఆ దేశం పంపినదీ ఆమే, నువ్వు లేని ఇంట్లో మీ అమ్మను ఎత్తి కూర్చోబెడుతున్నదీ ఆమే. ఆమె ‘మంచిది’ అని ఒక్క మాటతో సరిపెట్టి మళ్లీ అన్నతో గొడవలోకి వెళ్లిపోయావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పల్లెల సంగతి నీకు చెప్పనవసరం లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడు ఎన్నో రెట్లు ఉన్న బోరునీళ్లు మీ అమ్మ తరం వాళ్లు పుట్టినప్పటి నుంచీ తాగారు. కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చినా, అప్పటికే బిగిసిన ఎముకలు మళ్లీ వంగవు. మెడ తిప్పలేని, గొంతుక్కూర్చోలేని మనిషిని చూసుకోవడమంటే ఏమిటి? పక్క మీద నుంచి లేపాలి, మరుగుదొడ్డికి తీసుకుపోవాలి, స్నానం చేయించాలి, తల దువ్వాలి, చీర కట్టాలి, రాత్రి ఒకటికి రెండుసార్లు లేవాలి. ఈ పనులు మీ అన్న చేస్తున్నాడా? పొద్దున ఎనిమిదికి చండూరులో ఎరువుల దుకాణం తెరిచి, రాత్రి మూసి వస్తాడని నువ్వే రాశావు. అతని కష్టం అతనిది. అరువు మీద సరుకు తీసుకుపోయిన రైతులు పంట చేతికొచ్చేదాకా డబ్బు కట్టలేరు, కంపెనీ వాళ్లు ఆగరు. అది నేను కాదనను. కానీ మీ అమ్మ చాకిరీ అతను చేయడం లేదు. భార్య చేసే చాకిరీని తన లెక్కలో వేసుకుని నిన్ను తిడుతున్నాడు. నువ్వు అతనితో వాదనకు దిగుతున్నావు. మీ ఇద్దరి తగాదా వంటింట్లోకి వినబడుతూనే ఉంటుంది. ఆ చాకిరీ చేస్తున్న మనిషిని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ పిలిచి అడగలేదు.

నువ్వు ఆదివారం ఉదయం ఏడింటికి లేచి సంచి సర్దుకునే వేళకు ఇక్కడ అయిదున్నర. మీ వదిన అప్పటికే పొయ్యి మీద నీళ్లు పెట్టి ఉంటుంది. ఆమెకు శనివారం లేదు, ఆదివారం లేదు. నీలాగే బి.ఇడి. చదివి, నీలాగే పిల్లలకు పాఠాలు చెప్పి, అది వదులుకున్నది. నీ స్టేటస్ అందరికంటే ముందు ఆమే చూస్తుందని రాసి, అదేదో ముద్దుగా ఉన్నట్టు దాటేశావు. చూసినప్పుడు ఆమె మనసులో ఏముంటుందో ఒక్కసారైనా అనుకున్నావా? సంతోషమే ఉండవచ్చు, తాను పంపిన పిల్ల బాగుందని. దిగులూ ఉండవచ్చు. రెండూ ఉండవచ్చు. ఆమె నోరు విప్పదు. కష్టమని చెబితే, అత్తకు చేసింది బరువైందా అంటారు. నిన్ను వెనకేసుకొస్తే మీ అన్న ఆమె మీద విరుచుకుపడతాడు. అలాంటి చోట ఉన్న ఆడది మౌనంగా ఉంటే ఆమెకు ఏ ఇబ్బందీ లేదని మనం సర్దిచెప్పుకుంటాం. కన్నతల్లిని చూసుకోవడం కొడుకు, కూతురు బాధ్యత. ఆ తర్వాతే కోడలు. మన ఇళ్లలో దీన్ని తలకిందులు చేసి, దానికి సంప్రదాయమని పేరు పెట్టుకున్నాం. ఎవరేమనుకున్నా నేను ఈ మాట మీదే నిలబడతాను.

కాబట్టి ఈ ఆదివారం మీ వదినకు ఫోను చెయ్యి. మీ అన్న ఫోనుకు కాదు, ఆమె ఫోనుకు, అతను దుకాణంలో ఉన్న వేళలో. మొదటిసారే క్షమాపణలు మొదలుపెట్టకు. నువ్వు ఏడిస్తే నిన్ను ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. ఒంట్లో ఎలా ఉంది, నడుము నొప్పి ఉందా, రాత్రి నిద్ర పడుతుందా అని అడుగు. అడిగి ఊరుకో, ఆమెను మాట్లాడనివ్వు. మొదట ‘అంతా బాగానే ఉంది’ అంటుంది. వచ్చే ఆదివారం మళ్లీ చెయ్యి. టీచర్ల అర్హత పరీక్ష టెట్ రాయాలని, మళ్లీ బడికి పోవాలని ఆమెకు ఉందో లేదో నెమ్మదిగా అడుగు. ఆమె తరఫున నువ్వే నిర్ణయించేయవద్దు.

డబ్బు విషయం. ఇన్నాళ్లు పంపిన మొత్తాన్నే ఇకమీదట రెండుగా చెయ్యి. అన్న ఖాతాకు పోయేది పోనీ. మిగిలిన భాగం వదిన పేరు మీద ఉన్న ఖాతాకు పంపు, దానికి లెక్క అడగకు. ఊళ్లో నమ్మకమైన ఒక మనిషిని కుదిర్చి, వారానికి రెండు రోజులు అమ్మ స్నానం, బట్టలు ఆమె చూసేలా జీతం ఇవ్వు. పరాయి మనిషి చేత స్నానమా అని మీ అమ్మే మొదట ఒప్పుకోదు. ఆమెతో నువ్వే మాట్లాడి ఒప్పించు, వదిన చేత అడిగించవద్దు. మీ అన్న ‘ఊరు ఏమనుకుంటుందో’ అంటాడు. ఊరు వచ్చి మీ అమ్మకు ఒక చెంబెడు నీళ్లు పోయదు.

మీ వదిన తల్లిగారిది దేవరకద్ర అని, మూడేళ్లుగా బతుకమ్మకు పుట్టింటికి పోలేదని కూడా నీ ఉత్తరంలోనే ఉంది. థాయి బడులకు అక్టోబరులో సెలవులు ఇస్తారు. దసరా ఆ సెలవుల్లో పడే ఏడాది నువ్వు ఏ దీవికీ పోకుండా ఇంటికి రా. పడకపోతే మార్చి నడిమి నుంచి మే దాకా ఉండే పెద్ద సెలవుల్లో రా. నువ్వు వచ్చిన మర్నాడే మీ వదిన బస్సెక్కి పోవాలి, కనీసం రెండు వారాలు అక్కడ ఉండి రావాలి. ఆ రెండు వారాలు స్నానం, మందులు, రాత్రి లేవడం అన్నీ నీవి. ఇల్లు ఎలా నడపాలో చెప్పమని రోజూ ఆమెకు ఫోను చేసి ఆ సెలవు చెడగొట్టకు.

మీ అన్న మళ్లీ ఫోను చేసి షికార్ల మాట ఎత్తినప్పుడు గొంతు పెంచకు. నా ఆదివారం నాకుంటుంది, ఇకమీదట వదినకూ ఒకటి ఉంటుంది, ఆ రోజు అమ్మను నువ్వు చూసుకో అని చెప్పు. ఒక ఆదివారం ఎరువుల దుకాణం మధ్యాహ్నం దాకా మూసి ఉంటే మునిగేదేమీ లేదు. ఈ ఏర్పాట్లన్నీ నీ ఆలోచనే అని, వదిన అడగలేదని అతనికి స్పష్టంగా తెలియాలి. లేకపోతే ఆ మాటలు కూడా మీ వదినే పడవలసి వస్తుంది. అందుకే, నువ్వే చెప్పు.