బక్కపిల్లల మీద పనిచేయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

పీహెచ్‌డీకి నువ్వు పందిపిల్లల్ని ఎంచుకున్నావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. "తక్కువ బరువుతో పుట్టినవాటిలో జీన్లు ఎలా పనిచేస్తాయో చూస్తుందట, అంతా నీ పోలికే" అని నవ్వాడు. ముందు పొంగిపోయాను. తర్వాత, ఈనే పంది దగ్గర అర్ధరాత్రి నువ్వు ఒక్కదానివే కూర్చుంటావని తలుచుకుని టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

నైతిక కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్క పిల్లనూ ముట్టుకోకు. ఆర్‌ఎన్‌ఏ (జీన్ పనిచేసేటప్పుడు దాని నుంచి తయారయ్యే నకలు) పనికి గ్లవ్స్ లేకుండా కూర్చోకు. కోసిన కణజాలం వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో పడాలి. ఇవన్నీ మీ గైడ్ ఎలాగూ చెబుతారు.

చాలామంది చెప్పనిది ఒకటుంది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పక్క ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఇదే విషయం మీద పనిచేశాడు. తెలివైనవాడు, చేతిపని కూడా శుభ్రం. కిలో తూగని పిల్లల్ని ఒక గుంపుగా, కిలోన్నర దాటినవాటిని మరో గుంపుగా పెట్టుకుని, వారం వయసులో కాలేయాలు తీసి, వేల జీన్లలో ఏది ఎంత పనిచేస్తోందో ఒకేసారి చూపించే మైక్రోఅరే పరీక్ష చేయించాడు. వందల జీన్లలో తేడా వచ్చింది. సెమినార్‌లో అందరూ మెచ్చుకుంటుంటే వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, "బాబూ, నీ బక్కపిల్లలు ఎన్ని తల్లులవి?" అన్నారు. రెండే తల్లులవి. రెండూ డజను దాటి ఈనినవి. బరువైన పిల్లలేమో వేరే తల్లులవి, చిన్న ఈతలవి. మరి అతను చూసిన తేడా బరువుదా, తల్లిదా, ఈతదా? ఎన్ని పిల్లల్ని కోసినా లెక్కకొచ్చేది తల్లులేనని అప్పటిదాకా అతనికి తట్టలేదు.

పెద్దాయన అంతటితో వదల్లేదు. "ఆ వారంలో అవి తాగిన పాలెన్ని?" అని అడిగారు. దానికి జవాబే లేదు. పందుల్లో యాంటీబాడీలు మాయ దాటి పిల్లకు చేరవు. అన్నీ ముర్రుపాలలోనే రావాలి, అదీ సుమారు మొదటి 24 గంటల్లోనే, ఆ తర్వాత పేగు వాటిని లోపలికి రానివ్వదు. బలమైన పిల్లలు ముందు చన్నులు పట్టేసుకుంటాయి. బక్కది వెనక్కి పోతుంది, చలికి వణుకుతుంది. పందిపిల్లకు ఒంట్లో వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు ఉండదు కదా. వణికేది సరిగా చీకదు. ఇక వారం తర్వాత దాని కాలేయంలో కనిపించేది కడుపులో పడ్డ లోటా, ఆ వారం పడ్డ ఆకలా? ఆకలి ఒక్కటే చాలు, కాలేయంలో కొవ్వు కరిగించే జీన్లు గొంతు పెంచడానికి. పాపం, అతను పని మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది. క్యాంటీన్‌కు రావడం కూడా మానేశాడు. అందుకే నిన్ను ఇంత విసిగిస్తున్నాను.

కాబట్టి ఒకే ఈతలో, ఒకే లింగం పిల్లల్ని జతలుగా తీసుకో: ఒక బక్కది, ఒక మధ్య బరువుది. చన్ను పట్టకముందే తూకం వెయ్యి. కొన్ని జతల నుంచి పాలు తాగకముందే నమూనాలు తియ్యి. మిగతావాటికి ముర్రుపాలు కొలిచి సీసాతో సమానంగా పట్టు. తల కూడా చూడు. కడుపులో పోషణ చాలని పిల్లకు రక్తం ముందు మెదడుకే పోతుంది, అందుకని ఒంటితో పోలిస్తే తల పెద్దగా, నుదురు నిటారుగా ఉంటుంది. చిన్నగా పుట్టిన ప్రతి పిల్లా అలాంటిది కాదు, వాటిని ఒకే గంపలో వెయ్యకు.

వయసు విషయంలో మొండికెయ్యకు, అది నీకున్న చెడ్డ అలవాటు. సిమన్స్ బృందం 2008లో ప్రచురించిన ఎలుకల పని చదువు. గర్భాశయానికి రక్తం తగ్గిస్తే పిల్లల క్లోమంలో, ఇన్సులిన్ చేసే కణాలకు కావాల్సిన పీడీఎక్స్1 అనే జీన్ పని తగ్గింది. పుట్టిన కొత్తలో హిస్టోన్ల దగ్గర, అంటే డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల దగ్గర, పడేది గొళ్లెం లాంటిది, తియ్యొచ్చు. పెద్దయ్యేసరికి డీఎన్‌ఏ మీద మిథైల్ గుంపులనే చిన్న రసాయన గుర్తులు చేరి తాళం పడిపోతుంది. ఆ ఎలుకలకు షుగర్ వచ్చేస్తుంది. అంటే ఏ రోజు నమూనా తీశావన్నదాన్ని బట్టి కథే మారిపోతుంది.

తల్లి చరిత్ర కూడా నోట్‌బుక్‌లో ఎక్కించు: అది పుట్టినప్పటి బరువు, ఎన్నో ఈత, గర్భంలో ఏం తిన్నది. తిండి చాలక 50 తరాలు పెరిగిన ఎలుకలకు, తర్వాత రెండు తరాలు కడుపునిండా పెట్టినా తేడాలు పోలేదని 2015లో పుణె వాళ్లు కూడా ఉన్న బృందం చూపించింది. మన ఊళ్లో బక్క మేకపిల్లను చూసి "పుట్టుకే అంత" అనేస్తారు. ఆ పుట్టుక వెనక తల్లి, ఆమె తల్లి కూడా ఉంటారని అప్పుడే తెలిసింది నాకు.

ఒక్కో జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే క్యూపీసీఆర్ పరీక్షలో, పోల్చడానికి అందరూ వాడే గ్యాప్‌డీహెచ్ జీన్‌ని కళ్లు మూసుకుని నమ్మకు. పోషణ మారితే అదీ మారొచ్చు. అలా పోల్చుకోవడానికి మారని రిఫరెన్స్ జీన్లు రెండు మూడు పరీక్షించి పెట్టుకో.

ఇక నా అసలు భయం. ఈనిన పందికి, పిల్లకు మధ్యకు నువ్వు వెళ్లకు. పిల్ల అరిచిందంటే తల్లి ఊరుకోదు, కరుస్తుంది. పిల్లను ఎత్తేముందు మధ్యలో బోర్డు అడ్డం పెట్టించు, పక్కన ఫారం మనిషి ఉండాలి. నమూనాలు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు జనరేటర్ ఉందో లేదో చేరిన రోజే అడుగు, డీజిల్ ఎవరు పోయిస్తారో కూడా అడుగు. రబ్బరు బూట్లు మంచివి కొనుక్కో. డబ్బులు మీ నాన్నను అడక్కు, రేపు నేనే వేస్తాను.

మీ అత్త